ఆడవాళ్లు దేశ నాయకత్వానికి పోటీ చేస్తే గెలిచే ఛాన్స్ నిజంగా ఎంత?

ప్రశ్న:
మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, మొన్న అడిగింది, అమెరికాకి ఇంతవరకు లేడీ ప్రెసిడెంట్ ఎందుకు రాలేదు నాన్నా అని. సరిగ్గా చెప్పలేకపోయాను. 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువే పడ్డాయి కానీ వాళ్ల ఎలక్టోరల్ కాలేజీ (రాష్ట్రాలవారీగా ప్రతినిధుల ఓట్లతో ప్రెసిడెంట్‌ని తేల్చే పద్ధతి) లెక్కలో ఓడిపోయారు, 2024లో కమలా హారిస్ కూడా ఓడిపోయారు. ఇటు చూస్తే శ్రీలంకలో 1960లోనే సిరిమావో బండారనాయకే ప్రధాని అయిపోయారు. మరి అడ్డు పడేది ఎక్కడండి, ఓటర్ల దగ్గరా పార్టీల దగ్గరా?

రిప్లై 1:
నన్నడిగితే ముందు పార్టీల దగ్గరే. పార్లమెంటరీ పద్ధతిలో సొంత పార్టీ ఎంపీల్ని ఒప్పించుకుంటే సగం పని అయిపోయినట్టే. 1966లో శాస్త్రి గారు పోయాక కాంగ్రెస్ ఎంపీలు ఓటేస్తే ఇందిరా గాంధీకి 355, మొరార్జీ దేశాయ్‌కి 169 వచ్చాయి, మన మాట వింటుందిలే అనుకుని వెనకుండి నిలబెట్టిన పెద్దలతోనే ఆమెకి చెడి 1969లో పార్టీ చీలింది. బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ కూడా 1975లో ముందు పార్టీలోనే గెలిచారు, ప్రధాని అయింది 1979లో. ప్రెసిడెంట్ పద్ధతిలో అలా కుదరదు, దేశం మొత్తం ఒకేసారి ఆ ఒక్క మనిషిని చూసి ఓటెయ్యాలి.

రిప్లై 2:
పైన చెప్పింది కరెక్టే కానీ సిరిమావో, ఇందిర, పాకిస్తాన్ ప్రధానిగా చేసిన బేనజీర్ భుట్టో ముగ్గురికీ వెనకాల కుటుంబం పేరుంది, అది మర్చిపోకూడదు. నాకు మెర్కెల్ కథ ఎక్కువ ధైర్యం ఇస్తుంది, పాస్టర్ గారి కూతురు, ఫిజిక్స్‌లో రీసెర్చ్ చేసుకునే మనిషి, బెర్లిన్ గోడ కూలాక రాజకీయాల్లోకొచ్చి 2005 నుంచి 16 ఏళ్లు జర్మనీని నడిపారు.

రిప్లై 3:
మెక్సికో సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 2014లో రాజ్యాంగం మార్చి పార్లమెంటు ఎన్నికల్లో పార్టీలు నిలబెట్టే అభ్యర్థుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాల్సిందే అన్నారు. పదేళ్లు తిరిగేసరికి, 2024లో ప్రెసిడెంట్ పోటీలో ముందున్న ఇద్దరూ ఆడవాళ్లే, క్లాడియా షైన్‌బామ్, సోచిల్ గాల్వెజ్. ఇంక ఆడమనిషికి ఓటేస్తారా అనే మాటకి చోటెక్కడ, ఏ ఆడమనిషికి అన్నదే మిగిలింది. షైన్‌బామ్‌కి 60 శాతం దగ్గర్లో ఓట్లొచ్చాయి, ఆమె అంతకుముందు మెక్సికో సిటీని పాలించిన మనిషి. కింద నుంచి వందల మంది ఎదిగొస్తేనే పైకి ఒకరు చేరేది. మన లోక్‌సభలో 2024లో 543 మందికి గెలిచిన ఆడవాళ్లు 74 మందే, నాకైతే అసలు సమస్య అక్కడే కనిపిస్తోంది.

రిప్లై 4:
అడిగే ప్రశ్నల్లో కూడా తేడా ఉంటుందండి. 2017లో న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్ పార్టీ లీడర్ అయిన రోజే టీవీలో పిల్లల్ని కనే ఆలోచన ఉందా అని అడిగేశారు. మర్నాడు ఇంకో షోలో ఒకాయన, పనిలో పెట్టుకునేవాళ్లకి ఆ సంగతి తెలియాలి కదా అన్నట్టు మాట్లాడితే ఆమె ఆయన వైపు వేలు చూపించి మరీ ఇది ఒప్పుకునేది కాదని చెప్పారు. అదే ఏడాది ప్రధాని అయ్యారు, 2018లో పదవిలో ఉండగానే పాపని కన్నారు, మూడు నెలల పాపతో ఐక్యరాజ్యసమితి మీటింగ్‌కి వెళ్లారు. మగ లీడర్‌ని ఆ ప్రశ్న అడగ్గా నేనెప్పుడూ చూడలేదు, నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండి. రాత్రి భోజనాల దగ్గర మెక్సికో సంగతి చెప్పాను, మా అమ్మాయి వెంటనే "మరి మా స్కూల్ లీడర్ ఎలక్షన్‌కి కూడా సగం మంది అమ్మాయిల్నే నిలబెట్టొచ్చా" అంది. రేపు టీచర్‌ని అడుగుతుందట.