తేనె బీరు: సీసాల్లో 3 వారాలైనా గ్యాస్ పట్టలేదు

మిషిగన్_బేస్‌మెంట్:
19 లీటర్ల తేనె బీరు, ఈస్ట్ యూఎస్-05 (పొడి రూపంలో దొరికే ఏల్ బీరు ఈస్ట్). గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) 1.052 నుంచి 1.008కి దిగి, నాలుగు రోజులు అక్కడే నిలిచింది. 20 డిగ్రీల్లో పులిసింది. తర్వాత వారంపాటు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో తేరుకోనిచ్చాను. 2.4 వాల్యూముల గ్యాస్‌కు (లీటరు బీరులో 2.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్) ప్రైమింగ్ కాలిక్యులేటర్, అంటే సీసాల్లో గ్యాస్ పుట్టడానికి ఎంత చక్కెర కలపాలో చెప్పేది, 77 గ్రాముల కార్న్ షుగర్ (మొక్కజొన్న చక్కెర) చూపింది. దాని బదులు 80 గ్రాముల తేనె వేడినీళ్లలో కరిగించి కలిపాను. 355 మి.లీ. సీసాలు, బేస్‌మెంట్‌లో 14 డిగ్రీలు. మూత తీస్తే చిన్నగా తుస్సుమంటుంది, గ్లాసులో నురగ నిలవదు. ఇంకాస్త తేనె వేయాలా, ఈస్ట్ వేయాలా?

గోధుమరంగు_సీసా:
ఇప్పుడే ఏమీ వేయకండి. ముందు ఆ చలి సంగతి చూడాలి. ఈ ఈస్ట్ 18 డిగ్రీల కిందికి వెళ్తే బాగా మందగిస్తుంది. 14లో 3 వారాలు చాలవు. సీసాలను 21-22 డిగ్రీలుండే గదికి మార్చండి. ఒక్కోదాన్ని మెల్లగా తలకిందులు చేసి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ను కదిలించి మళ్లీ నిలబెట్టండి. 2 వారాలు ఆగండి. రుచి చూసే సీసాను ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచాకే తెరవండి. వెచ్చగా తెరిస్తే పైనున్న ఖాళీలోని గ్యాస్ బయటికి పోతుంది తప్ప బీరులో కలవదు. మూతల మీద అనుమానముంటే సీసాను మూత మునిగేలా నీళ్లలో నిలువుగా ముంచండి, కారుతుంటే బుడగలు కనిపిస్తాయి.

తేనెపట్టు:
చలి ఒక్కటే కాదండీ, తీపే తక్కువ పడింది. కాలిక్యులేటర్‌లో ఉష్ణోగ్రత ఎంత ఇచ్చారు? 77 గ్రాములు అన్నదంటే 4 ఇచ్చి ఉంటారు. అక్కడ ఇవ్వాల్సింది పులియడం అయిపోయాక బీరు చూసిన అత్యధిక ఉష్ణోగ్రత, అంటే మీకు 20. ఆ వేడిలో బీరులో మిగిలే గ్యాస్ 0.85 వాల్యూములే. 4 ఇస్తే కాలిక్యులేటర్ దాన్ని 1.5 దాకా అనుకుంటుంది. పులియడం ఆగాక చల్లబరిస్తే కొత్త గ్యాస్ ఎక్కడినుంచి వస్తుంది? సరైన లెక్క 130 గ్రాముల కార్న్ షుగర్.

రెండోది, తేనెలో దాదాపు అయిదో వంతు నీళ్లే. అందుకే షుగర్‌కు సమాన బరువు తేనె సరిపోదు. మీకు 150 గ్రాములు పట్టేది. ఇప్పుడున్న 80 గ్రాములూ పూర్తిగా పులిసినా 1.7 దగ్గర ఆగుతుంది.

మిషిగన్_బేస్‌మెంట్:
అవును, 4 అనే ఇచ్చాను. అయితే సీసాకో కార్బొనేషన్ డ్రాప్ (గ్యాస్ కోసం వేసే చక్కెర బిళ్ల) వేస్తే సరిపోతుందా?

తేనెపట్టు:
వద్దు. ఒక్కో బిళ్ల దాదాపు 3 గ్రాములు, అసలేమీ వేయని సీసాకు ఉద్దేశించింది. మీకు తగ్గింది సీసాకు 1 గ్రాము పంచదారే. పైన చెప్పినట్టు 2 వారాలు వెచ్చగా ఉంచాక కూడా చాలకపోతేనే ఇది చేయండి: 50 గ్రాముల పంచదారను నీళ్లలో మరిగించి, మొత్తం 100 మి.లీ. అయ్యేట్టు చూసి చల్లార్చండి. సీసాలు ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాక మూత తీసి, శుభ్రం చేసిన సిరంజితో 2 మి.లీ. చొప్పున వేసి వెంటనే కొత్త మూత బిగించండి. చల్లగా లేకపోతే పొంగిపోతుంది. మళ్లీ 2 వారాలు 21 డిగ్రీల్లో. పొడి పంచదార నేరుగా వేయొద్దు, దానికీ పొంగుతుంది.

గోధుమరంగు_సీసా:
లెక్క సరిగ్గా పట్టారు, నేను చలి దగ్గరే ఆగిపోయాను. ఒక్కటి చేరుస్తాను: ఒక సీసా గ్యాస్ లేకుండా ఫ్లాట్‌గా, పక్కది పొంగుతూ వస్తే మాత్రం పంచదార జోలికి పోకండి. తేనె బకెట్ అడుగున ఉండిపోయిందన్న మాట. అప్పుడు అన్నింటికీ సమానంగా వేస్తే, ముందే తేనె ఎక్కువ పడ్డవి పేలతాయి. కనీసం మూడు సీసాలు తెరిచి చూశాకే సిరంజి పట్టండి. అప్పటిదాకా సీసాలు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి.