ఘాతాంకంలో ‘ఘాతం’ అంటే దెబ్బేనా?

మాది కోనసీమలో లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని, బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కులు వదులుతున్నారని టీవీలో చెబుతుంటే, ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు అడిగింది: “మావయ్యా, ఆ లెక్కన ఒక టీఎంసీ పోవడానికి ఎంతసేపు పడుతుంది?”

లెక్క తననే వెయ్యమన్నాను. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 10⁹. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. పది లక్షలు 10⁶. ఇంతవరకు బాగానే రాసింది. తర్వాత 9ని 6తో భాగించి 1.5 వేసింది! భాగహారం కదా అంది. 10 పైన రాసే ఆ చిన్న అంకెని ఘాతాంకం అంటారు కదా, ఆ మాటకి అర్థం ఏమిటమ్మా అంటే, “ఘాతం అంటే దెబ్బ, అంకం అంటే అంకె” అంది. నా దగ్గర జవాబు లేదు. పెద్దలు చెప్పాలి.

— అమ్మాయి చెప్పింది తప్పు కాదండీ. ‘హన్’ ధాతువు నుంచి వచ్చిన మాటే అది, కొట్టడమనే అర్థం. అయితే పాత సంస్కృత గణితంలో గుణకారాన్ని హననం, వధ, ఘాతం అనేవారు. రెండు సంఖ్యల ఘాతమంటే వాటి లబ్ధం. అలా చూస్తే, పదిని ఎన్నిసార్లు వేసి గుణించామో చెప్పే అంకె ఘాతాంకం.

— చాలా సంతోషమండీ! ఇదే చెప్పి, పైన తొమ్మిది పదులు, కింద ఆరు పదులు విడివిడిగా రాయించాను. ఆరింటికి ఆరు కొట్టేసింది. మూడు మిగిలాయి. 10³, వెయ్యి సెకన్లు, పదిహేడు నిమిషాల లోపే. ఇక 9ని 6తో భాగించకుండా, 9లోంచి 6 తీసివేయడం ఎందుకో నేను చెప్పక్కర్లేకపోయింది. మనం ‘కొట్టేయడం’ అనే మాట కూడా దెబ్బే కదా, అక్కడ గుణకారానికి, ఇక్కడ భాగహారానికి!

మూడో హెచ్చరికకి 17 లక్షలు, అంటే 1.7 × 10⁶. ఒకటిని 1.7తో భాగిస్తే దాదాపు 0.588, పదులు మళ్లీ 10³. ప్రామాణిక రూపంలో ముందుండే సంఖ్య 1కి తగ్గకూడదు కాబట్టి, బిందువుని ఒక స్థానం కుడికి జరిపి, ఘాతాంకం ఒకటి తగ్గించి 5.88 × 10² అని రాసింది. 588 సెకన్లు. పది నిమిషాలైనా పట్టదన్నమాట. పిల్ల కాసేపు మాట్లాడలేదు.

ఇంకొక్కటి అడుగుతాను. ఘాతాంకం కింద ఉండే 10ని బడి పుస్తకంలో ‘భూమి’ అంటారు. భూములు ఒకటైతేనే ఈ తీసివేత కుదురుతుంది. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవారు చెప్పండి.