అప్‌డేట్: నల్లగొండలో ఇంటర్న్‌షిప్‌కి చేరాను

లైంగిక వేధింపులకు గురైన పిల్లల సెంటర్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఇంటర్న్‌షిప్ చేయాలి, తట్టుకోగలనా అని ఇంతకుముందు ఇక్కడ అడిగా. చేరిపోయా. "ఏం జరిగింది" అని పిల్లల్ని అడగాల్సి వస్తుందని కొందరు భయపెట్టారు గానీ, మేం అడగనే అడగం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం (2012) ప్రకారం స్టేట్‌మెంట్ పోలీసులు గానీ మేజిస్ట్రేట్ గానీ తీసుకోవాలి. పోలీసులైతే వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా.

నా పని ఎక్కువగా వరండాలో, తల్లులతో. దేవరకొండ దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినామె ముందు అడిగింది కేసు గురించి కాదు. "మా బిడ్డ పేరు పేపర్ల వస్తదా మేడం?" పోక్సో సెక్షన్ 23 ఒప్పుకోదమ్మా అని నచ్చజెప్పాకగానీ చాయ్ ముట్టలేదు.

అసలు కష్టం ఇంట్లో. "ఇయ్యాల ఏమైంది బిడ్డా" అని అమ్మ రోజూ అడుగుతది, కానీ పిల్లల సంగతులు బయట చెప్పొద్దు. అదంతా మా సూపర్‌వైజర్ మేడం దగ్గరే కక్కేస్తున్నా. స్టైపెండ్ మాత్రం లేదు, బస్ చార్జీలు మనవే.