నెలనెలా బాడుగ ఇవ్వలేని మంచి మనిషిని ఏం చేయాలి? (నెల్లూరు, వేదాయపాళెం)

వేదాయపాళెం మెకానిక్:

అందరికీ నమస్కారం. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనా. ఇల్లు వేదాయపాళెం రైల్వేస్టేషనుకు నడిచిపోయేంత దూరం. వచ్చిన డబ్బుల్లో కూతురు పెండ్లికి పోగా మిగిలింది పెట్టి పైన రెండు పోర్షన్లు వేసినా. ఈపీఎస్ (పీఎఫ్ కింద వచ్చే) పెన్షను మూడు వేల చిల్లర. కాబట్టి ఆ బాడుగే మాకిప్పుడు జీతం. ఇంకొకరికి ఇల్లిచ్చి డబ్బులు వసూలు చేసుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేని పని.

పెద్ద పోర్షను 8,500. ఇందుకూరుపేట పక్క రొయ్యల గుంటల మీద పనిచేసే అబ్బాయికిచ్చినా. భార్య, ఇద్దరు పసిపిల్లలు. చిన్న పోర్షను 6,000. ఉదయగిరి పక్క నుంచి వచ్చిన ఒకామె కొడుకును ఇంటర్ రెండో సంవత్సరం చదివించుకుంటా ఉంది. ఇద్దరి దగ్గరా రెండు నెలల అడ్వాన్సు తీసుకున్నా. కాగితం ఏం రాసుకోలా, నోటిమాటే.

గుంటల అబ్బాయి రెండు నెలలుగా బాడుగ ఇవ్వలా. "పట్టుబడి కాగానే మొత్తం ఒక్కసారే ఇచ్చేస్తా పెద్దాయనా" అంటాడు. పట్టుబడంటే గుంటలో పెరిగిన రొయ్యలు పట్టి అమ్మడం. అబద్ధాలాడే మనిషి కాదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినాక రొయ్య రేటు ఎట్లా పడిందో మన జిల్లాలో అందరికీ తెలుసు. మోటారు ఆగితే నాకన్నా ముందు దిగొచ్చేది అతనే. మా ఆమెకు నడుము పట్టేస్తే రాత్రిపూట ఆస్పత్రికి తీసకపోయింది అతనే. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడతాం. అడగాలంటే నోరు రాదు, అడక్కపోతే ఇల్లు గడవదు. మా బావమరిది "ఇట్నే ఊరుకుంటే ఇల్లు వాళ్లదైపోద్ది, కరెంటు పీకెయ్, వాళ్లే పోతారు" అంటా ఉండాడు. పసిపిల్లలున్న ఇంట్లో కరెంటు పీకే పని నా చేత కాదు.

చిన్న పోర్షను ఆమె మార్చిలో పరీక్షలు కాగానే వెళ్లిపోతానంటుంది. చివరి రెండు నెలల బాడుగ అడ్వాన్సులో సర్దుకోమంటుంది. ఒప్పుకోవచ్చా?

ఇంకోటి, ఇల్లంతటికీ ఒకటే మీటరు. నెలకు 330 యూనిట్ల దాకా కాలద్ది. బిల్లు ముగ్గురం సమానంగా పంచుకుంటాం. ఫ్యాను, టీవీ, ఫ్రిజ్జుకే ఇంతెందుకు వస్తుందని పైవాళ్లు అడగతారు. నాకూ అంతుబట్టడంలా.

లాయరుపేట, ఒంగోలు:

అన్నా, ముందు మీ బావమరిది మాట చెవిలో వేసుకోవద్దు. కరెంటు తీసేయడం, నీళ్లాపడం, తాళమేయడం చట్టం ఒప్పుకోదు. రేపు మీరే పోలీస్‌స్టేషన్లో సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోద్దనే మాట ఊళ్లో తిరుగుతానే ఉంటుంది గానీ, అద్దెకున్న మనిషికి అది వర్తించదు. అతను మీ అనుమతితో, అద్దె ఒప్పుకుని దిగాడు. ఆ సంబంధం ఉన్నన్నాళ్లు ఇల్లు నాది అనే హక్కు అతనికి పుట్టదు. కాకపోతే అద్దెకే ఉంటున్నాడని చూపించే ఆధారం మీ చేతిలో ఉండాలి. ఇన్నాళ్లూ ఫోన్‌పేలో తీసుకునుంటే ఆ వివరాలు తీసి పెట్టుకోండి. చేతికిస్తే ఇక నుంచి రసీదు రాసి, అతని సంతకం ఉన్న సగం మీ దగ్గర ఉంచుకోండి.

నేను డాక్యుమెంట్లు రాసేచోట పనిచేస్తాను. పదకొండు నెలలకే అగ్రిమెంటు ఎందుకు రాస్తారని వచ్చినోళ్లంతా అడుగుతారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 107వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజు గానీ, ఏడాదికేడాది నడిచే లీజు గానీ రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పుతాయని పదకొండు నెలలకు రాస్తారు. కాకపోతే రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం ఎన్నాళ్ల లీజైనా రిజిస్టరు చేయించాలనే ఉంది. గడువు కాగానే కొత్తది రాసుకోవాలి, పాతది అట్టాగే వదిలేయకూడదు. రాత లేకపోయినా అదే చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయమనాలంటే పదిహేను రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టుకే వెళ్లాలి. మీరు అంతదాకా పోవాల్సిన పని కనపడటంలేదు నాకు.

అగ్రిమెంటులో అద్దె ఏ తేదీ లోపల ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, ఏడాదికి ఎంత పెంచుతారు, సున్నం ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ల ముందు చెప్పి ఖాళీ చేయాలి, ఇవన్నీ ఉండాలి. మన వైపు అడ్వాన్సు గురించి ఒక ముక్క రాసి ఊరుకుంటారు. సున్నం దగ్గరే అసలు గొడవంతా వస్తుంది.

ముత్తుకూరు గుంటలు:

పెద్దాయనా, నేను ఆ పనిలోనే ఉండా కాబట్టి చెప్తా. ఆ అబ్బాయి సూపర్‌వైజరా, లేక గుంట తనే లీజుకు తీసుకున్నాడా? ఇది తెలుసుకోకుండా ఏదీ తేల్చుకోవద్దు. సూపర్‌వైజరైతే నెలకు జీతమొస్తది, పట్టుబడికి ఇన్సెంటివ్ వేరే. అట్లాంటప్పుడు రెండు నెలలు మొత్తం ఆపాల్సిన పని లేదు. లీజు గుంటైతే నెలజీతం అనేదే ఉండదు. వనామీ రకం రొయ్యపిల్ల వదిలినప్పటి నుంచి మూడు నాలుగు నెలలు మేతకు, కరెంటుకు, డీజిలుకు పెట్టుకుంటా పోవడమే. మధ్యలో వైట్‌స్పాట్ రోగం వస్తే అరకొర సైజులోనే పట్టేయాలి, చేతికొచ్చేది మేతకొట్టు అప్పుకే చాలదు. పట్టుబడి అయినాక కూడా డబ్బు ఆ రోజే రాదు, కొన్న వ్యాపారి ఇచ్చిందాకా చూడాలి. అందుకని "పట్టుబడి కాగానే" అనే మాటను తేదీ అనుకోవద్దు.

మా ఇంటి ఓనరు నాతో చేసుకున్న ఏర్పాటు చెప్తా. ప్రతి నెలా సగం బాడుగ తప్పకుండా ఇవ్వాలి, మిగతా సగం పట్టుబడికి. ఆ బాకీ ఎప్పుడూ అడ్వాన్సును దాటకూడదు. ఈ లెక్క ఇద్దరం ఒక నోటుపుస్తకంలో రాసి సంతకాలు పెట్టుకుంటాం. నాకూ తలెత్తుకుని మెట్లెక్కే వీలుంది. మీ పైపోర్షను అబ్బాయి కూడా మీ కంటబడకుండా తప్పుకు తిరగతా ఉంటాడు, చూడండి. మీరే కూర్చోబెట్టి మాట్లాడితే అతనికి బరువు దిగినట్టుంటది.

దర్గామిట్ట టీచరు:

నమస్తే బాబాయ్ గారూ. నేను బాడుగకుండే మనిషిని, ఆ వైపు నుంచి రెండు మాటలు.

చిన్న పోర్షను ఆమెకు అడ్వాన్సు రెండు నెలలూ సర్దేస్తే, ఆమె వెళ్లేనాటికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఆఖరి కరెంటు బిల్లు ఆమె పోయినాక వస్తుంది. పగిలిన కొళాయి, గోడకు కొట్టిన మేకులు అప్పుడే కనపడతాయి. ఒక నెల సర్దండి, ఇంకో నెలది తాళాలు ఇచ్చిన రోజు లెక్క చూసి అక్కడికక్కడే తిరిగివ్వండి. "తర్వాత ఫోన్‌పే చేస్తాంలే" అని మాత్రం అనకండి. అడ్వాన్సు కోసం పాత ఓనరు గుమ్మానికి తిరగడం ఎంత అవమానంగా ఉంటుందో మాకు తెలుసు.

ఏప్రిల్, మే ఖాళీ గురించి దిగులు పడకండి. సెకండియర్ పిల్లల తల్లులు మార్చిలో పోతే, కొత్త పిల్లల తల్లులు మే నెలలో ఇళ్లు వెతుక్కుంటా వస్తారు, జూన్‌లో కాలేజీలు తెరుస్తారు కదా. ఆషాఢం వస్తే ఎవరూ పాలు పొంగించరు, ఆ లోపలే దిగాలని చూస్తారు. సున్నం ఏప్రిల్లోనే వేయించి టూలెట్ బోర్డు పెట్టేయండి.

కరెంటు లెక్క, కావలి:

బిల్లు సంగతి నేను చెప్తాను పెద్దాయనా. మన రాష్ట్రంలో ఇళ్లకు శ్లాబులు ఇట్లా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. మీ మూడిళ్లవీ కలిపి 330 ఒకే మీటరు మీద పడితే ఆఖరి 105 యూనిట్లకు 8.75 చొప్పున పోతుంది. మొత్తం 1,935 రూపాయల 75 పైసలు. అదే మూడు మీటర్లుంటే ఇంటికి 110 యూనిట్లు, ఒక్కో బిల్లు 349.50, మూడూ కలిపి 1,048.50. నెలకు 887 రూపాయలు ఊరికే కడతన్నారు. ఫిక్స్‌డ్, కస్టమర్, సర్దుబాటు చార్జీలు వేరే, అవి ఈ లెక్కలో వేయలేదు. వంటిల్లు వేరుగా ఉన్న పోర్షన్లకు వేరే సర్వీసు (కరెంటు కనెక్షను) అడగండి. పన్ను రసీదు, ఆధార్ తీసుకుని మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) కలవండి. మోటారు మాత్రం మీ మీటరు మీదే ఉంచుకుని నీళ్లకింత అని బాడుగలో కలిపి చెప్పండి.

వేదాయపాళెం మెకానిక్:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న సాయంత్రం ఆ అబ్బాయిని కిందికి పిలిచి కాఫీ ఇచ్చి మాట్లాడినా. సూపర్‌వైజరే. కాకపోతే యజమాని జీతాలు కూడా సగమే ఇస్తా ఉన్నాడంట. ముత్తుకూరు తమ్ముడు చెప్పినట్టు నెలకు 4,250, మిగతాది పట్టుబడికి అనుకున్నాం. ఇప్పటికే ఉన్న 17,000 అడ్వాన్సుకు సమానం అయిపోయింది కాబట్టి, ఈసారి పట్టుబడి డబ్బులు రాగానే మొదట ఆ బాకీ తీర్చాలన్నా, ఒప్పుకున్నాడు. అగ్రిమెంటు వచ్చే నెల ఒకటో తారీకు నుంచి రాసుకుంటాం. రేటు ఇంకా పడితే తన పుట్టినూరు పోతానని, నెల ముందే చెప్తానని తనంతట తనే అన్నాడు. అట్లా పోతే మాత్రం బాకీ కోసం వాళ్ల సామాను ఆపను, అది మా ఆమె, నేను ముందే అనుకున్నాం.

చిన్న పోర్షను ఆమెతో ఒక నెల సర్దుబాటుకు మాటైంది. మీటర్ల కోసం సోమవారం పోతా. పైపోర్షన్ల మీటర్లు పైనే పెట్టించుకోవచ్చా, కిందే ఉండాలా?

కరెంటు లెక్క, కావలి:

కిందే, గేటు దగ్గర, రీడింగ్ తీసేవాళ్లకు అందేచోట మూడూ వరసగా పెట్టించండి. ఏ మీటరు ఏ పోర్షనుదో పెయింటుతో రాయించండి. వాన తగలకుండా పైన రేకు వేయించండి.