కోల్డ్ ఫార్మ్‌డ్ స్టీల్ ఇల్లు, భూకంపం: బోర్డు గోడలా, స్ట్రాప్ బ్రేసింగా?

కొత్తఇల్లు: భూకంపాల జోన్‌లో రెండంతస్తుల లైట్ గేజ్ స్టీల్ ఇల్లు (పల్చటి స్టీల్ రేకును వేడి చేయకుండా మడిచి చేసిన కోల్డ్ ఫార్మ్‌డ్ ముక్కలతో కట్టేది). గోడలకు ఓఎస్‌బీ బోర్డు (చెక్క పేళ్లు అతికించి చేసేది) కొట్టించాలా, ఎక్స్ స్ట్రాప్‌లు (గోడకి ఐమూలగా వేసే స్టీల్ పట్టీలు) చాలా? స్క్రూలు ఎంత దూరంలో పడాలి? పైకప్పు మీద కాంక్రీటు పోయొచ్చా?

స్క్రూగన్: బోర్డే. అంచుల్లో 150 మి.మీ., మధ్యలో 300. బలం చాలకపోతే అంచుల్లో 100, 75, 50కి దగ్గర చేస్తారు. బోర్డు అంచుకీ స్క్రూకీ మధ్య 10 మి.మీ. లేకపోతే కాసిని ఊపులకే అంచు చీరుకుపోతుంది. స్క్రూ తల బోర్డుతో సమంగా ఆగాలి. లోపలికి దిగబడితే తల బోర్డును తొలుచుకుని అవతలికి వెళ్లిపోతుంది. మందం స్టడ్‌కి (గోడలో నిలువుగా నిలిపే స్టీల్ ముక్క) సన్న స్క్రూ వేయొద్దు, వంగే బదులు తెగుతుంది. స్క్రూ పక్కకి ఒరుగుతూ చెక్కని నలపడంలోనే భూకంపం శక్తి ఖర్చవుతుంది.

జంటస్టడ్: అందరూ స్క్రూల గురించే! గోడ చివరి స్టడ్‌ల మాటేంటి? గోడ పక్కకి తోసుకుపోతుంటే ఒక చివర పైకి లేస్తుంది, రెండో చివర నలుగుతుంది. అందుకే చివర్లలో జంట స్టడ్‌లు, హోల్డ్‌డౌన్ (స్టడ్ పైకి లేవకుండా కిందికి పట్టి ఉంచే బిగింపు), ఫౌండేషన్‌లోకి దిగిన బోల్టు. హోల్డ్‌డౌన్ లేకుండా స్టడ్‌ని ట్రాక్‌కి (స్టడ్‌ల కొసలు కూర్చునే అడ్డ ముక్క) స్క్రూ చేసి వదిలేస్తే ట్రాకే వంగి లేస్తుంది. స్టడ్ కొసకీ ట్రాక్‌కీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు.

వైట్‌బోర్డ్: గోడకి లోపలి వైపు జిప్సం బోర్డు ఎలాగూ ఉంటుంది. దాని బలం కలుపుకుంటే అంచుల్లో 150 సరిపోతుంది. 2013లో అమెరికాలోని బఫెలోలో ఇలాంటి రెండంతస్తుల స్టీల్ భవనాన్ని షేక్ టేబుల్ (భూకంపంలా ఊపే పరీక్ష వేదిక) మీద ఊపినప్పుడు ఫినిషింగులు పడ్డాక ఎంత బిగిసిందో చూశాంగా.

లోడ్‌పాత్: తప్పుడు సలహా ఇవ్వకండి. ఒకే గోడకి రెండు వైపులా ఒకే బోర్డు ఉంటే బలం కూడొచ్చు, వేర్వేరు రకాలైతే కూడకూడదు. ఏఎస్‌సీఈ 7 అనే అమెరికా ప్రమాణంలో బరువు మోసే (బేరింగ్) గోడలకు ఆర్ విలువ (తెగకుండా సాగి భూకంపాన్ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) చెక్క ప్యానెల్‌కి 6.5, స్ట్రాప్‌కి 4, జిప్సంకి 2. ఊరికే ఇచ్చారా? జిప్సం ముందు బిగుసుకుని లోడ్ లాక్కుంటుంది, కొద్ది కదలికకే స్క్రూల చుట్టూ పొడైపోతుంది.

వైట్‌బోర్డ్: పట్టికలు పక్కన పెట్టండి. టేబుల్ మీద భవనం బాగా నిలబడిందా లేదా?

లోడ్‌పాత్: నిలబడింది. దాన్ని లెక్కలో మిగులుగా ఉంచుకోవాలి గానీ, స్క్రూలు తగ్గించడానికి వాడుకుంటారా? షేర్ వాల్ (పక్క తోపుని ఆపే గోడ) డిజైనే నా రోజువారీ పని, ఈ స్టీల్ ఇళ్ల భూకంప డిజైన్ ప్రమాణం ఎస్400 నాకు కొట్టిన పిండి. పైగా జిప్సం తెచ్చే అదనపు బలం ఊరికే పోదు, హోల్డ్‌డౌన్ మీదా చివరి స్టడ్ మీదా పడుతుంది. గోడ అనుకున్నదానికంటే గట్టిదైతే ముందు పోయేది బోల్టే.

వైట్‌బోర్డ్: అలాగైతే జిప్సం ఉందని లెక్క వేసుకోవాలనేగా నేనూ అంటున్నది!

లోడ్‌పాత్: హోల్డ్‌డౌన్‌కి వేసుకోండి, గోడ బలానికి వద్దు. ఈ రెండూ కలిపేస్తున్నారు మీరు.

పట్టీ: స్ట్రాప్‌ని చిన్నచూపు చూడకండి. పట్టీ నిడివంతా సాగాలి, చివర స్క్రూ కన్నాల దగ్గర తెగకూడదు. 230 గ్రేడ్ (230 మెగాపాస్కల్‌ల దగ్గర సాగే స్టీల్) అడిగితే అంతకంటే బలమైన రేకు చుట్ట వస్తుంటుంది, మంచిదే కదా అని కొట్టేస్తారు. అప్పుడు పట్టీ సాగదు, జాయింటు ఊడుతుంది. అందుకే ఎస్400లో ఆ గ్రేడ్‌కి 1.5 రెట్ల బలం ఊహించి జాయింటు కట్టమన్నారు. పట్టీ వదులుగా ఉంటే తొలి ఊపులకి పలకనే పలకదు, బిగించి కొట్టాలి. ఒకే వైపు వేస్తే స్టడ్ మెలిపడుతుంది, రెండు వైపులా వేయండి.

స్క్రూగన్: ఒకసారి సాగిన పట్టీ మళ్లీ వదులే, తర్వాతి ఊపుకి ఇల్లు ఇంకాస్త జరగాలి. బోర్డులో ఆ బాధ తక్కువ.

పట్టీ: తక్కువా? నలిగిన కన్నంలో స్క్రూ ఆడదా? అక్కడా అదే వదులు.

జంటస్టడ్: కాంక్రీటు గురించి ఎవరూ చెప్పలేదు. 50 మి.మీ. పోస్తే చదరపు మీటరుకు 120 కేజీలు. బరువు పెరిగిన కొద్దీ గోడల మీద అడ్డంగా పడే తోపు పెరుగుతుంది, అదీ ఇంటి నెత్తిన. ఈ ఇల్లు తేలికగా ఉండటమే దాని బలం.

కొత్తఇల్లు: సరేనండీ, కాంక్రీటు వద్దు. చివరి స్టడ్‌లో కింది నుంచి 200 మి.మీ. ఎత్తున పైపు కోసం కన్నం కొట్టేశారు. ఫర్వాలేదా?

జంటస్టడ్: వదలకండి. నలుగుడు మొదలయ్యేది అక్కడే. స్టడ్ మార్చించి, పైపుని షేర్ వాల్ కాని గోడలోంచి తిప్పించండి. బోర్డు పడకముందే.