ఊరి జ్ఞాపకాల సినిమాలు మార్పును అర్థం చేసుకుంటున్నాయా, మార్పు మీద అలుగుతున్నాయా?

రెండో ఆట:
సంక్రాంతి వస్తే మా ఇంట్లో 'శతమానం భవతి' చూడాల్సిందే. నాకూ ఇష్టమైన సినిమానే. కానీ చూసిన ప్రతిసారీ మనసులో ఒక ముల్లు మిగిలిపోతోంది, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2017లో వచ్చిన ఆ సినిమా చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. ఆత్రేయపురంలో పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు, ఎంత పిలిచినా రారు. చివరికి 'మేమిద్దరం విడాకులు తీసుకుంటున్నాం' అని కబురు పంపితే పరుగున దిగుతారు. అక్కడినుంచి పండగ, పచ్చటి పొలాలు, కన్నీళ్లు. ఆ ఏడు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

సినిమా అయ్యేసరికి దోషులు పిల్లలే అని తేలిపోతుంది. నాకు నచ్చనిది ఇదే. వాళ్లను విమానం ఎక్కించింది ఎవరు? మా గోదావరి జిల్లాల్లో 'మావాడు అమెరికాలో ఉన్నాడు' అని పెళ్లిళ్లలో గర్వంగా చెప్పుకున్నది ఆ తండ్రులే. వ్యవసాయంలో మిగిలేదేం లేదు, నువ్వు మాత్రం ఇందులోకి రావద్దు అని పిల్లాడిని హాస్టల్లో పడేసిందీ వాళ్లే. ఇంజనీరింగ్ ఫీజు కోసం ఎకరం, అరెకరం అమ్మిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఇప్పుడు అదే తరం ఖాళీ ఇంట్లో కూర్చుని బాధపడుతోంది. ఆ బాధ నిజం, నేను కాదనను. కానీ సినిమా ఆ బాధను చూపించి కారణాన్ని దాచేస్తోంది. అప్పుడది సమాజంలో వచ్చిన మార్పు గురించి మాట్లాడినట్టు ఎలా అవుతుంది? మార్పు మీద అలిగినట్టు అవుతుంది. మీరేమంటారు?

మగ్గం చప్పుడు:
అన్నా, నువ్వు ఒక్క సినిమాను పట్టుకొని అన్నిటికీ తీర్పు చెప్తున్నవు. 'బలగం' సంగతేంది మరి?

మాది సిరిసిల్ల దిక్కు. 2023 మార్చిల ఆ సినిమా వచ్చినంక ఊర్లల్ల తెరలు కట్టి, చాపలు పరుచుకొని జనం చూసిన్రు. ముసలోళ్లు, సినిమా హాలు ముఖం చూసి ఏండ్లయినోళ్లు గూడ వచ్చి కూసున్నరు. మాటల్లేని అన్నదమ్ములు సినిమా చూసి కలిసిన్రని పేపర్లల్ల రాసిన్రు. మా సుట్టాలల్ల గూడ అసొంటి ముచ్చట ఒకటి ఉన్నది.

నువ్వనే తప్పు బలగంల లేదు. అండ్ల తాత కొమురయ్య సచ్చిపోతడు. మనుమడు సాయిలుకు ముందుగాల యాదికొచ్చేది తాత కాదు, అప్పు! లగ్గం చేసుకొని, ఆ కట్నం పైసలతోని బాకీ కడుదామని చూస్తున్నోడు వాడు. సావుతోని ఆ లగ్గం ఆగమైతది. ఇది పాతకాలం ముచ్చట్నా? ఇయ్యాల మా ఊర్ల ఉన్న పిలగాండ్ల కతే ఇది. ఇగ ఇంటి అల్లునికీ కొడుక్కీ నడుమ ఏండ్ల కిందటి పంచాది దేని మీద? అల్లునికి మటన్ కూరల నల్లి బొక్క (మూలుగ బొక్క) ఎయ్యలేదని! నవ్వొస్తది గని, మా దిక్కు సుట్టరికాలు గట్లనే తెగుతయి. మర్యాద తక్కువ చేసిన్రని అలిగి, ముప్ఫై ఏండ్లు గడప తొక్కనోళ్లను నేను చూసిన. సచ్చినోనికి పెట్టిన బువ్వను పిట్ట ముట్టలేదంటే వాని పాణం కొట్లాడుతుందని నమ్మే ఊరు మాది. సినిమా ఆ నమ్మకాన్ని పట్టుకొనే బతికున్నోళ్లను నిలదీసింది.

ఇంకో మాట. మా భాష ఏండ్లకేండ్లు తెర మీద రౌడీ నోట్లనో, నవ్వించేటోని నోట్లనో తప్ప వినపడలే. మా అమ్మ మాట్లాడే తీరు ఇంటిల్లిపాది ఏడ్చే సినిమాల వినుడే మాకు పెద్ద మార్పు. దాన్ని పాత జ్ఞాపకం అని పక్కకు పెట్టకు.

పల్లె పిల్లోడు:
ప్రతిదీ కోసి చూడాలా అండీ? రెండున్నర గంటలు మనసు తేలికపడింది, అమ్మకి ఫోన్ చేయాలనిపించింది. సినిమా ఆ పని చేసిందంటే నాకు చాలు.

కాలువ గట్టు:
పల్లె పిల్లోడు గారూ, మీకు చాలు. అందరికీ చాలదు.

మాది గుంటూరు జిల్లా, ఊరికి చివరన పేట. ఈ సినిమాల్లో ఊరు మొదలయ్యే షాట్ చూడండి. పొద్దున్నే మంచు, చెరువు గట్టు, నీళ్ల బిందెలు, గుడి గంట. చెరువు చూడగానే నాకు కారంచేడు గుర్తొస్తుంది. 1985 జూలైలో అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. తాము తాగే నీళ్లను పాడుచేస్తున్నారని అడగడమే నేరమైంది, ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. మన సినిమాలు తలచుకుని మురిసిపోయే పచ్చటి కోస్తా పల్లె, ఆ మంచి రోజులు అంటున్న కాలం ఇవే.

మా నాన్నకు ఆ ఊరి మీద బెంగ లేదు. బెజవాడ వచ్చి అద్దె ఇంట్లో ఉంటూ, హోటల్లో అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ తిన్న రోజు గురించి ఆయన ఇప్పటికీ చెప్తాడు. ఆయన జ్ఞాపకాల్లో తీపి అంతా పట్నానిదే. ఊరు విడిచి వెళ్లడాన్ని విషాదంగా తప్ప మరోలా తీయలేని పరిశ్రమ మా నాన్న కథ ఎప్పుడు తీస్తుంది?

అయినా అన్ని సినిమాలనూ ఒకే గాటన కట్టను. 'రంగస్థలం' (2018) చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. లుంగీలు, లాంతర్లు, ఎనభైల నాటి ఊరు చూడ్డానికి జనాన్ని పిలిచి, లోపల సొసైటీ అప్పుల పేరుతో భూములు ఎలా పోయాయో చూపించింది. అంతటితో ఆగలేదు. దుర్మార్గుడైన ప్రెసిడెంటు పోయాక కూడా కథ అయిపోదు. హీరో అన్నను చంపించింది మర్యాదస్తుడిలా కనిపించిన పెద్దమనిషి అని తేలుతుంది, తన కూతుర్ని ప్రేమించాడన్న ఒకే ఒక్క కారణంతో. ఆ ఊరి మీద మనకు అంతవరకూ పుట్టిన ముచ్చటంతా ఆ ఒక్క మాటతో విరిగిపోతుంది. జ్ఞాపకాన్ని ఇలా వాడితే నేను టికెట్ కొని రెండోసారి చూస్తాను.

గోరింటాకు:
డాలస్ నుంచి రాస్తున్నాను. 'శతమానం భవతి' ఇక్కడి థియేటర్లో చూసి ఏడ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే రెండో ఆట గారు అన్నది నాకు గట్టిగా తగిలింది.

కానీ మీరెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ సినిమాల్లో వంట ఎవరు చేస్తున్నారు?

అరిసెలు తీసుకోండి. సినిమాలో ఇత్తడి పళ్లెంలో పేర్చి తెస్తారు, మనవలు ఎగబడతారు. మా అమ్మమ్మ ఇంట్లో వాటి పని ముందురోజు బియ్యం నానబోయడంతో మొదలయ్యేది. తడిబియ్యం దంచాలి, జల్లించాలి, పిండి ఆరకూడదని మూతేసి నొక్కిపెట్టాలి. పాకం దగ్గర నిలబడిన మనిషి అక్కణ్ణుంచి కదలడానికి లేదు. నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి, ఒక్క క్షణం అటూ ఇటూ అయితే అరిసె రాయైపోతుంది, లేదా నూనెలో విడిపోతుంది. ఒకరు వత్తుతుంటే ఒకరు వేయిస్తారు, ఇంకొకరు చెక్కలతో నూనె నొక్కుతారు. పొయ్యి సెగకు మా అత్త చేతుల మీద పడ్డ మచ్చలు నాకు తెలుసు. మగవాళ్లంతా తిన్నాక సాయంత్రం నాలుగింటికి వాళ్లు అన్నం ముందు కూర్చునేవారు. ఉమ్మడి కుటుంబం పోయిందని మా మామయ్యలు బాధపడతారు. మా అత్తలు ఒక్కరూ బాధపడగా నేను వినలేదు.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. అంటే ఈ సినిమాలు తలచుకునే కాలంలోనే ఇళ్లలో అతిపెద్ద మార్పు జరిగింది. దాని గురించి తెర మీద ఏముంది? వాటా అడిగిన ఆడపడుచు ఎప్పుడూ గయ్యాళే. వాటా వదులుకుని పసుపు కుంకుమ తీసుకుని వెళ్లిపోయే ఆడపడుచు దేవత. బలగంలోనైనా ఆడబిడ్డ పుట్టింటికి దూరమైంది మగవాళ్లిద్దరి పంతం వల్లే కదా, ఆవిడను ఎవరైనా ఏం కావాలని అడిగారా?

మగ్గం చప్పుడు:
అక్కా, అడగలేదు కాబట్టే సినిమా తీసిన్రు. ఆడబిడ్డ ఏండ్ల తర్వాత తండ్రి శవం కాడికి వచ్చి ఏడ్చుడు చూసి సినిమాల ఆడోళ్లందరూ ఏడ్వలేదా? గా ఏడుపే గదా సవాలు.

గోరింటాకు:
తమ్ముడూ, ఏడుపు సవాలు కాదు. ఏడ్చాక ఆవిడ చేతికి ఏం వచ్చిందన్నది సవాలు. అన్నదమ్ములు కలిశారు, పిట్ట ముట్టింది, ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆవిడ మళ్లీ పెళ్లీపేరంటాలకు పిలుపు అందుకుంటుంది, అంతేగా.

నేల టికెట్:
సినిమా రూపకల్పన వైపు నుంచి ఒక మాట. కథలో ఏం చెప్పారన్నదానికంటే కెమెరా ఎక్కడ నిలబడిందన్నదే నాకు ముఖ్యం. పాత వస్తువును అందంగా వెలిగిస్తే, దాని మీద ఎన్ని విమర్శల డైలాగులు రాసినా ప్రేక్షకుడు దాన్ని కోరుకునే బయటికొస్తాడు.

గడీనే, అంటే తెలంగాణ దొరల కోటలాంటి ఇంటినే తీసుకోండి. పెద్ద సినిమాల్లో గడీ అంటే ఎత్తైన దర్వాజా, తళతళలాడే స్తంభాలు, దొర నడిచొస్తుంటే కింద నుంచి చూసే కెమెరా. బి.నర్సింగరావు 'దాసి' (1988)లోనూ గడీయే ఉంది. అక్కడ కెమెరా గడీలో దాసిగా పనిచేసే కమలాక్షి వెంట ఉంటుంది. చీపురు, నీళ్లు, అంట్లు, మళ్లీ చీపురు. సంగీతంతో మనల్ని ఊరడించరు, పని ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూడనిస్తారు. దొర వల్ల వచ్చిన కడుపును దొర ఇంటివాళ్లే తీయించేస్తారు. కళా దర్శకత్వం చేసింది చిత్రకారుడు తోట వైకుంఠం, జాతీయ అవార్డు కూడా అందుకున్నారు. అంటే అందం తెలియక అలా తీయలేదు. ఆ గడీని చూసి ఎవరికీ ఆ రోజులు మళ్లీ రావాలనిపించదు.

పాతకాలాన్ని ప్రేమగా చూపిస్తూనే, అది పోయినందుకు సంతోషించిన సినిమా కూడా మనకుంది. 'మల్లేశం' (2019). ఆలేరు ప్రాంతపు చేనేత ఇల్లు, మగ్గం, రంగుల నూలు, ఊరి పిల్లల ఆటలు, అన్నీ మురిపెంగా ఉంటాయి. మధ్యలో అమ్మ ఆసు పోస్తుంటుంది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పుతుంటుంది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పడిపోతుంది. ఆ నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం చేసి, దానికి అమ్మ పేరే పెట్టారు. 'చేతిపనిలో ఉన్న అందం పోయిందే' అని ఆ సినిమా ఎక్కడా వాపోదు. అమ్మ చెయ్యి కిందికి దిగిందని సంతోషిస్తుంది. గోరింటాకు గారూ, మీ అత్త చేతుల గురించి చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

కాలువ గట్టు:
నేల టికెట్ గారు చెప్పిన 'దాసి' మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అదే కొలతతో బలగం చివరి భాగం చూద్దాం. మగ్గం చప్పుడు అన్నా, అక్కడ ఇంటివాళ్లందరినీ ఏడిపించి కలిపే పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుడగజంగాల కళాకారులు. చావు ఇంట పోయినవాళ్ల గురించి పాడటం వాళ్ల వృత్తి. వాళ్ల గొంతు లేకుంటే ఆ సినిమాకు ఆ ఏడుపే లేదు. కథలో వాళ్లు వస్తారు, పాడతారు, ఆ కుటుంబం కలుస్తుంది. వాళ్ల కుటుంబం సంగతి? తన దుఃఖానికి పాట కట్టించుకునే ఊరు పాట కట్టినవాళ్లకు ఎక్కడ చోటిచ్చింది?

మగ్గం చప్పుడు:
ఈ మాట నాకు గూడ నొప్పే. మొగిలయ్య కిడ్నీలు ఖరాబై 2024 డిసెంబర్ల పోయిండు. జనం మాత్రం సినిమా తర్వాతనే ఆయన పేరు తెలుసుకున్నరు, అంతకుముందు ఎన్ని ఇండ్లల్ల పాడినా 'జంగపోళ్లు వచ్చిన్రు' అనుడే. సినిమా ఆయన కత చెప్పలే, నిజమే. కని ఆయనకు ఒక పేరు దొరికింది. దాన్ని తక్కువ చేయకుండ్రి. అన్ని కతలూ ఒక్క సినిమానే చెప్పాల్నంటే ఏ సినిమా బతకది.

రెండో ఆట:
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. మగ్గం చప్పుడు తమ్ముడి చివరి మాట సబబే, ఒక్క సినిమా అన్నీ చెప్పలేదు. కానీ పదేళ్లుగా వస్తున్న ఊరి సినిమాలన్నీ కలిపి చూసినా కాలువ గట్టు నాన్నగారి ఇడ్లీ కథ ఒక్కదాంట్లోనూ లేదు కదా. నా అభ్యంతరం దాని మీదే.

నాకు దగ్గరగా వచ్చినట్టు అనిపించింది 'కేరాఫ్ కంచరపాలెం' (2018). విశాఖలో నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని ఆఫీసు అటెండరు రాజు. మిగతా మూడు ప్రేమకథలు వేరేవాళ్లవి అనుకుంటూ చూస్తాం. అన్నీ అతనివే అని చివర్లో తెలుస్తుంది. బడి నాటి ప్రేమను, ఆ తర్వాతి ప్రేమలను కులమో మతమో పరువో మింగేసింది. అతను ఒంటరిగా ఎందుకు మిగిలాడన్న ప్రశ్నకు అతని గతమంతా జవాబు. గతాన్ని మురిపెం కోసం కాకుండా సాక్ష్యం కోసం పిలిచారు. ఊళ్లోవాళ్లనే నటులుగా పెట్టుకున్నారు కాబట్టి ఆ వీధులకు పూత కూడా అక్కర్లేకపోయింది.

గోరింటాకు:
చాలా మంచి సినిమా, ఒప్పుకుంటాను. కానీ ఆ సాక్ష్యం కూడా రాజుదే. సునీతను ఊరి నుంచి పంపేశారు, భార్గవి తండ్రి మాటకు తలవంచి వేరే పెళ్లి చేసుకుంది, సలీమాను చంపేశారు. వాళ్లు ముగ్గురూ రాజు జీవితంలోంచి వెళ్లిపోయిన మనుషులుగానే మనకు గుర్తుంటారు. అదే కంచరపాలేన్ని సలీమా వైపు నుంచి తీస్తే, ఆ వైన్ షాపు మెట్ల దగ్గర మనం మెచ్చుకున్న ప్రేమ ఎలా కనిపిస్తుందో, అసలు ఆ రోజుల్ని ఆవిడ తలచుకోవాలనుకుంటుందో లేదో, రెండో ఆట గారూ, మీరే చెప్పండి.