"చేతులు కాలాక ఆకులు": టువా గాయానికి ఈ సామెత వర్తిస్తుందా?

ప్రశ్న:
అలబామా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును అభిమానించే తెలుగువాళ్లం ఇక్కడ కొందరం ఉన్నాం. 2019 సీజన్ ప్రస్తావన వస్తే ఇప్పటికీ వాదన తెగదు. ఆ నవంబరు 16న మిసిసిపీ స్టేట్ మీద 35–7తో ముందున్నప్పటికీ, కోచ్ నిక్ సేబన్ తన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) టువా టాగోవైలోవాను మైదానంలోనే ఉంచారు. అతని తుంటి కీలు తప్పింది, సీజన్ ముగిసింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అన్నారు ఒక మిత్రుడు. ఆ సామెత ఇక్కడ నాకు అతకలేదనిపించింది. గుంపులోని పెద్దలు చెప్పగలరా?

మొదటి జవాబు:
అతకకపోవడమేమీ లేదండీ. నష్టం జరిగాక విచారించే సందర్భాలన్నిటికీ ఆ సామెత వాడతాం. మరీ అంత పట్టింపు అక్కరలేదు.

రెండో జవాబు:
పట్టింపు కావాలనే నేనంటాను. వేడి గిన్నె దించడానికి మసిగుడ్డలా ఆకులు అడ్డు పెట్టుకోవడం ఈ సామెతకు మూలమని నా అవగాహన. ముందు చెయ్యి కాలాలి, ఆ తరవాత అదే మనిషి ఆకులకోసం వెతకాలి. అంటే వేళ మించాక జాగ్రత్త పడినవాడి మీద వేసే మాట ఇది. ఆ రోజు సేబన్ వేళ మించాక పడిన జాగ్రత్త ఏముంది? అభిమానులు ఆయన మీద మోపిన నేరం వేరు.

అది ఏమిటో తెలియాలంటే నాలుగు వారాలు వెనక్కి వెళ్లాలి. అక్టోబరు 19న టెనెసీతో ఆటలో టువా కుడి చీలమండ బెణికింది. మర్నాడే శస్త్రచికిత్స చేశారు. ఆర్కన్సాతో ఆటకు దూరమై, నవంబరు 9న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) మీదికి మళ్లీ దిగాడు. అలబామా 46–41తో ఓడింది. ఇక మిగిలిన ప్రతి ఆటా గెలిస్తేనే జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్ ఆటలకు జట్లను ఎంచే సంఘం కంట్లో పడే పరిస్థితి. మిసిసిపీ స్టేట్ సొంత ఊరు స్టార్క్‌విల్‌లో ఆ నవంబరు 16న మొదటి సగం ముగియడానికి దాదాపు మూడు నిమిషాలు ఉంది. ఆధిక్యం 28 పాయింట్లు. టువా బంతి విసురుతుండగా ఇద్దరు ప్రత్యర్థులు అతని మీద పడ్డారు. కుడి తుంటి కీలు తప్పడమే కాక కీలుగిన్నె వెనక గోడ విరిగింది. ముక్కున నెత్తురు కారుతుండగా బండి మీద తీసుకువెళ్లారు. ఆ దృశ్యం చూసినవాళ్లెవరికీ మనసొప్పదు, నాకూ ఒప్పలేదు.

కాబట్టి అభిమానుల అభియోగం: తెలిసి తెలిసి, అవసరం లేకుండా ప్రమాదం కొనితెచ్చుకున్నారని. దీనికి మనకు "కోరి కొరివితో తల గోక్కోవడం" ఉంది. కానీ అక్కడా ఒక చిక్కుంది. ఆ మాటలో కొరివీ తలా ఒకరివే. ఇక్కడ తల కుర్రవాడిది, కొరివి పట్టిన చెయ్యి కోచ్‌ది. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్నవారూ ఉన్నారు. అది సేబన్‌కు అన్యాయం. ప్రత్యామ్నాయ క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్‌ను అప్పటికే సిద్ధం కమ్మన్నామనీ, విరామానికి ముందు ఆ ఒక్క దఫా ఆడతానని టువాయే కోరుకున్నాడనీ ఆట అయ్యాక ఆయన చెప్పారు. చెలగాటమాడే మనిషి మాటలు కావవి. అయినా నా అభిప్రాయం మారదు: బెణికిన కాలు పూర్తిగా కుదుటపడని ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు ఆడతాననే అంటాడు, వద్దనడానికే కోచ్ ఉన్నాడు.

నన్నడిగితే ఇక్కడ సామెతతో పనిలేదు. "అలబామా ఆ సీజన్‌ను చేజేతులా పోగొట్టుకుంది" అంటే చాలు. చేజేతులా అన్నప్పుడు తప్పు జట్టుదే అవుతుంది, నష్టమూ జట్టుదే అవుతుంది. దురుద్దేశం అంటగట్టినట్టూ ఉండదు, తప్పు మాఫీ చేసినట్టూ ఉండదు.

మూడో జవాబు:
మరి ఇన్నేళ్ల తరవాత మనం చేస్తున్న ఈ వాదన గతజల సేతుబంధనం కాదా? ఆ నీరు ఎప్పుడో వెళ్లిపోయింది. 2020లో వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఎంపికలో మయామీ జట్టు టువాను అయిదో ఎంపికగా తీసుకుంది కూడా.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఆ ఆట ఫలితం మార్చాలని వాదిస్తే మీరన్నది అక్షరాలా నిజం. కానీ వాన ఏటా వస్తుంది, ఏటా ఎవరో ఒక కుర్రవాడు గాయంతో ఆడతానంటాడు. వచ్చే నీటికోసం కట్టే కట్టను గతజల సేతుబంధనం అనకూడదు. ఇంకో సంగతి. 2018 జనవరి 8న జార్జియాతో జాతీయ టైటిల్ తుదిపోరులో 0–13తో వెనకబడి ఉండగా, విరామంలో జేలెన్ హర్ట్స్‌ను పక్కనపెట్టి తొలి ఏడాది కుర్రవాడైన టువాను దింపింది ఈ సేబనే. అదనపు సమయంలో 26–23తో గెలిచారు. ఆ నిర్ణయాన్ని పొగిడినవారే ఈ నిర్ణయాన్ని తిట్టారు. అందులో తప్పేమీ లేదు. అప్పుడు పణంగా పెట్టింది ఆటను, ఇప్పుడు పెట్టింది మనిషి ఒంటిని.

ప్రశ్న అడిగినవారు:
చేజేతులా అనే మాట బాగా కుదిరింది, కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. మ్యాక్ జోన్స్ గురించి మావాళ్లు "ఏ పుట్టలో ఏ పాముందో" అంటారు. సరైనదేనా?

రెండో జవాబు ఇచ్చినవారు:
ఆ మాటలో భయం ఉంది, మంచికి వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. మట్టిలో మాణిక్యం అనడానికీ లేదు, ఆ జట్టులో చోటు దొరకడమే గొప్ప. నేనైతే ఆకుచాటు పిందె అంటాను. టువా చాటున ఎదిగాడు. ఆ నవంబరు 30న ఆబర్న్ చేతిలో 48–45తో ఓడినప్పుడు అతను విసిరిన రెండు బంతుల్ని ప్రత్యర్థులు అందుకుని నేరుగా గీత దాటించి టచ్‌డౌన్లు చేశారు. మరుసటి సీజన్‌లో అతనితోనే అలబామా పదమూడు ఆటలూ గెలిచింది; వాటిలో చివరిదైన తుదిపోరులో ఒహాయో స్టేట్‌ను 52–24తో ఓడించింది.